రెండో బెడ్రూమ్ ఇంకా రావాలి

సాయంత్రం ఐదు కొట్టగానే టైలరమ్మ షాపు షట్టరు దించేసి, మెళ్ళో టేపు తియ్యడం మర్చిపోయి, అద్దె ఇల్లు వెతుక్కోడానికి బయల్దేరేది. రెండు వారాలుగా ఇదే వరస. పొద్దుటి నుంచీ ప్యాంట్ల పొడవు తగ్గించడం, పాడైన జిప్పులు మార్చడం, ఒళ్ళు చేసి కూడా ఒప్పుకోని వాళ్ళ బట్టలు వదులు చెయ్యడం. "బట్ట ముడుచుకుపోయిందమ్మా" అనేవాళ్ళు వాళ్ళు. "ఈ మధ్య బట్టలన్నీ అంతేనండీ" అని ఈవిడ నవ్వు ఆపుకుని ఒప్పుకునేది. వ్యాపారం అన్నాక ఆ మాత్రం మర్యాద ఉండాలి కదా.

ఇల్లంటే ఏదో ఒకటి కాదు, రెండు బెడ్రూములది కావాలి. ఒంటి మనిషికి రెండెందుకమ్మా అని అందరూ అడిగారు. నిజమే, ముప్ఫై ఐదేళ్ళు వచ్చేదాకా ఆవిడ షాపు వెనక మంచం పట్టేంత జాగాలోనే హాయిగా బతికింది. కానీ అక్క పోయి రెండేళ్ళయింది. బావ అంతకు ముందే ఎటో వెళ్ళిపోయాడు, ఎటు వెళ్ళాడో బహుశా అతనికీ తెలీదు. వాళ్ళ కూతురు, తొమ్మిదేళ్ళ పిల్ల, పిల్లల హోమ్‌లో ఉంటోంది. సన్నటి ఒళ్ళు, గుండ్రటి తల. అందుకని టైలరమ్మ దాన్ని గుండుసూది అని పిలిచేది.

పిన్నిని నేనున్నాను కదా, పిల్లని నాకిచ్చెయ్యండి అని ఎన్నిసార్లు అడిగినా హోమ్ ఆఫీసరు మేడమ్‌ది ఒకటే మాట. "పిల్లకి తనదంటూ ఒక గది ఉండాలమ్మా. కిటికీ ఉండాలి. పొడవు తొమ్మిదడుగులు, వెడల్పు ఎనిమిది. అంగుళం తగ్గినా నేను సంతకం పెట్టలేను."

ఈసారి ఇంకో మాట కూడా చెప్పారావిడ. పిల్లల్లేని భార్యాభర్తలెవరో దూరపు ఊరి నుంచి వచ్చి గుండుసూదిని పెంచుకుంటామని అడిగారట. మంచివాళ్ళేనట. రెండు నెలల్లో టైలరమ్మ గది చూపించకపోతే పిల్ల వాళ్ళతో వెళ్ళిపోతుంది. ఆ 'మంచివాళ్ళే' అన్న మాట దగ్గరే టైలరమ్మకి గుండె జారిపోయింది. చెడ్డవాళ్ళయితే ఎదురు చెప్పడానికి ఏదో ఒకటి దొరికేది.

పది ఇళ్ళు చూసింది. పదీ కుదిరినట్టే కుదిరి తప్పిపోయాయి. హోమ్ పిల్ల అనీ, ఆఫీసరు వచ్చి చూస్తారనీ, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ వస్తారనీ చెప్పగానే ఇంటివాళ్ళ మొహాలు మారిపోయేవి. ఒకాయనకి ఉన్నట్టుండి వాళ్ళ తమ్ముడు ఆ ఇంట్లోకి వస్తానన్న సంగతి గుర్తొచ్చింది. ఇంకొకావిడకి ఇంటికి రంగులు వేయించాలని గుర్తొచ్చింది, మొన్న వేసిన రంగుల వాసన ఇంకా పోకుండానే.

"అమ్మా, ఏమనుకోకండి. మీరు నిజం మరీ ఎక్కువ చెప్తున్నారు" అన్నాడు బ్రోకరు. స్కూటరు మీద తిరిగి తిరిగి అతని నడుం పోయింది. "పదకొండో ఇంటి దగ్గరన్నా కాస్త తగ్గించండి."

పదకొండోది ఊరి చివర, బస్సు ఆఖరి స్టాపు దగ్గర కాలనీలో మూడంతస్తుల బిల్డింగు. ఇంటాయన స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. కింద వాటాలో ఒక్కడే ఉంటాడు. మెళ్ళో విజిల్ ఇంకా వేలాడుతూనే ఉంటుంది. ఈవిడ మెడలో టేపు చూసి ఆయనకి ముచ్చటేసినట్టుంది, తాళాలు తీసుకుని ముందు నడిచాడు.

మొదటి అంతస్తులో వాటా. హాలు, వంటిల్లు, బాత్రూమ్, ఒక బెడ్రూమ్. అన్నీ చూపించి ఆయన ఇంకో తలుపు తీశాడు. తలుపు బయటికే తెరుచుకుంది. దాని వెనక జానెడు జాగా, ఆ వెనక గోడ. ఆ జానెడులోనే కింద గచ్చూ, పైన కప్పూ, పక్కన అరచెయ్యంత కిటికీ. కిటికీకి అద్దం కూడా ఉంది.

"ఇది రెండో బెడ్రూమ్. ఇంకా చిన్నది" అన్నాడు మాస్టారు. "మనుషులు చేరాక ఎదుగుతుంది. మా బిల్డింగులో రెండో గదులన్నీ అంతే. పైన నర్సమ్మ వాళ్ళది రెండు నెలల్లో వచ్చేసింది. మూడో అంతస్తు వాళ్ళది నాలుగేళ్ళయినా బీరువా అంతే ఉంది. ఏం కావాలో వాళ్ళకే తెలీదు మరి, గదేం చేస్తుంది?"

"గాలొస్తుందాండీ?" అడిగింది టైలరమ్మ.

"గది వస్తే గాలి రాదూ? తలుపు లోపలికి తెరుచుకునేదాకా ఒక గది అద్దే ఇవ్వండి. ఇంతకీ ఎవరి కోసం ఈ గది? కాస్త గట్టిగా చెప్పండి, గదికి కూడా వినపడాలి."

టైలరమ్మ నోరు తెరిచింది. గుండుసూది పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మాస్టారి వెనక నుంచి బ్రోకరు కళ్ళతోనే దణ్ణం పెడుతున్నాడు.

"మిషన్ కోసం" అంది గట్టిగా. "ఇంట్లో కూడా కుట్టుకుంటాను."

"బాగుంది" అన్నాడు మాస్టారు. ఇల్లు కుదిరిపోయింది.

చేరిన మూడో రోజుకే గది జానెడు నుంచి మూరెడయింది. వారానికి మనిషి నిలబడేంత. టైలరమ్మ సంబరం చెప్పనలవి కాదు. పొద్దున లేవగానే మొహం కూడా కడుక్కోకుండా టేపు పట్టుకుని గదిలో దూరేది. కింద నుంచి మాస్టారు "ఎంతయింది?" అని కేకేసేవాడు, ఈవిడ పైనుంచి అంకె చెప్పేది, ఆయన సంతోషంగా ఒకసారి విజిల్ ఊదేవాడు. మిగతా వాటాల వాళ్ళకి అది అలారంలా అలవాటయిపోయింది.

అయిదో వారానికి గది పొడవు పదడుగులు దాటింది. వెడల్పు మాత్రం నాలుగు దగ్గర ఆగిపోయింది. ఆగిందంటే ఆగిందే, వెంట్రుకంత కూడా కదల్లేదు. కిటికీ సరిగ్గా ఎడమ పక్కన, సూదిలో దారం ఎక్కించడానికి వీలుగా వెలుతురు పడే చోట వచ్చింది. మోకాలి ఎత్తులో ప్లగ్గు పాయింటు వచ్చింది. గోడకి వరసగా మేకులు మొలిచాయి, దారపు రీళ్ళు తగిలించుకోడానికి. చివరికి మిషన్ కింద గచ్చు కూడా కాలు ఆనించుకోడానికి కొంచెం వాలుగా అయింది.

చూడ్డానికొచ్చిన పైనింటి నర్సక్క ముక్కు మీద వేలేసుకుంది. "ఎంత ముద్దుగా వచ్చిందే నీ మిషన్ గది!"

"మిషన్ గదేంటక్కా, ఇందులో మంచం ఎలా పడుతుంది?"

"మంచమెందుకు? మిషన్‌కని చెప్పావటగా మాస్టారితో. గదికి చెవులే గానీ మనసులో మాట ఎలా తెలుస్తుంది? మా అత్తగారి కోసం అని చెప్తే మాకు కిటికీ నేల దాకా వచ్చింది, ఆవిడ కింద కూర్చుంటుందని. నువ్వేం చెప్తే అదే కుడుతుంది."

టైలరమ్మ అక్కడే స్టూలు మీద కూలబడి నర్సక్కకి అంతా చెప్పేసింది. పిల్ల సంగతి, ఆఫీసరు సంగతి, పది ఇళ్ళ సంగతి. ఆఫీసరు వచ్చేది ఇంకో ఎనిమిది రోజుల్లో.

"మరి నా దగ్గర ఏడుస్తావేం? కిందకెళ్ళి ఆయన దగ్గర ఏడు" అని నర్సక్క చెయ్యి పట్టి లేపింది.

మాస్టారు పెరట్లో బట్టలారేస్తున్నాడు. చొక్కాలన్నీ ఎత్తు ప్రకారం ఒకే వరస. టైలరమ్మ ఆ వరస చివర నిలబడి, తల వంచుకుని, ఉన్నదంతా చెప్పింది. ఆయన చేతిలో ఉన్న క్లిప్పు నోట్లో పెట్టుకుని అలాగే విన్నాడు.

"నాకు కోపం వచ్చింది" అన్నాడు క్లిప్పు తీసి. "చాలా వచ్చింది. పిల్ల వస్తున్నందుకు కాదు. ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత పరుగులు పెట్టించినవాణ్ణి, పిల్లంటే ఒద్దంటానని ఎలా అనుకున్నారండీ మీరు?"

"తప్పయిపోయింది మాస్టారూ."

"నాకు చెప్తే ఏం లాభం? మిషన్ బయట పెట్టి, గదికి చెప్పుకోండి."

టైలరమ్మ ఒక్క ఉదుటున పైకెళ్ళి మిషన్ హాల్లోకి లాగేసింది. గది మధ్యలో నిలబడి గట్టిగా చెప్పింది. ఇక్కడే ఆవిడ చేసిన పొరపాటు. కొలత తప్పిన బట్ట చేతికొస్తే టైలర్లకి నోటికొచ్చే మాట ఒకటుంటుంది, అదే అనేసింది. "నేను చెప్పిన కొలత తప్పు. ఇది మా అక్క కూతురి గది. మొత్తం విప్పేయ్, మళ్ళీ మొదట్నుంచి కుడదాం."

మర్నాడు పొద్దున్న తలుపు తీసేసరికి జానెడు జాగా, ఆ వెనక గోడ. అరచెయ్యంత కిటికీ. దారపు రీళ్ళు గచ్చు మీద కుప్పగా పడి ఉన్నాయి.

"మొత్తం విప్పమని ఎందుకన్నావే తల్లీ!" నర్సక్క తల పట్టుకుంది. "పక్క కుట్టు ఒక్కటి విప్పితే వెడల్పు వచ్చేదిగా!"

టైలరమ్మ ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి, ఆ చిన్న సంగతి తోచనందుకు తనని తనే నాలుగు తిట్టుకుంది. ఇంకో వారం ఉంది. ఆ రోజు కింద నుంచి ఎవరూ ఎంతయిందని అడగలేదు, విజిల్ మోగలేదు. మూడో అంతస్తువాళ్ళకి ఆఫీసు టైమయిందని తెలియలేదు.

ఆదివారం హోమ్‌లో పిల్లల్ని చూడనిస్తారు. టైలరమ్మ వెళ్ళేసరికి గుండుసూది గేటు దగ్గరే నిలబడి ఉంది, రెండు జడలు బిగించి వేసుకుని. ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు.

"నీకోసం గది వస్తోందే" అంది పిన్ని. "ఎలా ఉండాలో చెప్పు. వెళ్ళి దానికి చెప్తాను. తొందరగా వస్తుంది."

గుండుసూది కాసేపు గోళ్ళు చూసుకుంది. "ఎలా ఉన్నా పరవాలేదు పిన్నీ."

"అలా కాదు. రంగు? కిటికీ? బొమ్మలు పెట్టుకోడానికి అర?"

"ఏమీ వద్దు. నేను సర్దుకుంటాను."

ఎంత బతిమాలినా అదే మాట. ఇంటికొచ్చి టైలరమ్మ, ఇంకోసారి అబద్ధం చెప్పే ధైర్యం లేక, గదికి ఉన్నదున్నట్టు చెప్పింది. "ఏమీ వద్దంది. సర్దుకుంటుందట."

గది ఆ మాట విన్నది. సోమవారానికి కొంచెం, మంగళవారానికి కొంచెం ఎదిగింది. బుధవారం పొద్దున్న నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు దగ్గర ఆగిపోయింది. గురువారం కూడా అంతే ఉంది. ఆ రోజే ఆఫీసరు మేడమ్ వచ్చారు.

ఒక చేతిలో ఫైలు, ఇంకో చేతిలో ఇనుప టేపు. వెనకాల గుండుసూది, స్కూలు సంచీ గుండెలకి హత్తుకుని. రూలు ప్రకారం పిల్ల కూడా ఇల్లు చూడాలి. మెట్ల మీద నర్సక్క, గుమ్మంలో డ్రిల్లు మాస్టారు. టైలరమ్మ హాలు చూపించింది, వంటిల్లు చూపించింది, బాత్రూమ్‌లో నీళ్ళు బాగా వస్తాయని కుళాయి తిప్పి మరీ చూపించింది. ఇంక చూపించడానికేమీ మిగలక రెండో తలుపు తీసింది.

మేడమ్ వంగి కొలిచారు. ఇంకోసారి కొలిచారు. ఆవిడ చెడ్డమనిషి కాదు, రెండుసార్లు కొలవడంలోనే ఆ సంగతి తెలుస్తోంది.

"ఇంకా రాలేదు కదమ్మా" అన్నారు మెల్లగా. "నాకు టైము లేదు. వాళ్ళు ఆదివారం పిల్ల కోసం వస్తున్నారు."

అప్పుడు గుండుసూది సంచీ కింద పెట్టి, ఎవరూ చెప్పకుండానే ఆ గదిలోకి దూరింది. గచ్చు మీద పక్కకి తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, తల వంచి పడుకుంది. అచ్చంగా సరిపోయింది. తల దగ్గర వేలు పట్టేంత చోటు కూడా మిగల్లేదు.

"చూడండి మేడమ్, సర్దుకున్నాను" అంది నవ్వుతూ.

అంతే. టైలరమ్మకి ఎక్కడ లేని ఏడుపూ, కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

"లే!" అంది. "లేవే ముందు! ఎవరడిగారే నిన్ను సర్దుకోమని? రెండేళ్ళుగా చూస్తున్నాను. బూట్లు కరుస్తుంటే సర్దుకుంటానంటావ్. జ్వరమొస్తే సర్దుకుంటానంటావ్. ఇది నీ గదే! ఒక్కటంటే ఒక్కటి అడగలేవూ? నోరు తెరిచి అడగవే నా తల్లీ!"

గుండుసూది లేచి కూర్చుంది.

"అడిగితే పంపించేస్తారు" అంది.

"ఎక్కడికి?"

"ఎక్కడికో. ఎక్కువ అడిగే పిల్లల్ని ఎవరూ తీసుకెళ్ళరట. హోమ్‌లో పెద్దక్కలు చెప్పారు."

ఆఫీసరు మేడమ్ ఫైలు వైపు చూస్తూ ఉండిపోయారు. డ్రిల్లు మాస్టారు అటు తిరిగి గోడ మీది సున్నం గోకడం మొదలుపెట్టాడు. టైలరమ్మ గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల రెండు చేతులూ పట్టుకుంది.

"నేను తీసుకెళ్తాను. నువ్వు ఎంత అడిగితే అంత గట్టిగా తీసుకెళ్తాను. అడుగు."

బాత్రూమ్‌లో సరిగ్గా కట్టని కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. తర్వాత గుండుసూది చాలా చిన్న గొంతుతో అంది. "కాళ్ళు చాపుకోవాలి."

బస్సులో పక్కవాళ్ళు జరిగి చోటిచ్చినట్టు, ఎదురు గోడ కొంచెం జరిగింది. పిల్ల కాళ్ళు చాపింది.

"ఊఁ" అంది పిన్ని. "ఇంకా?"

"కిటికీ పెద్దది కావాలి. బస్సు కనపడాలి." అరచెయ్యంత కిటికీ తలుపంత అయింది. ఆఖరి స్టాపులో ఆగిన బస్సు కనపడింది. "లైటు నేనే ఆర్పుకోవాలి. అక్కడ అందరికీ ఒకేసారి ఆర్పేస్తారు." దాని చెయ్యి అందే ఎత్తులో స్విచ్చి వచ్చింది. "గోడ మీద బొమ్మలు అంటించుకుంటాను, ఎవరూ పీకకూడదు. తలుపు నేనే వేసుకోవాలి. కోపమొస్తే దాక్కోడానికి ఒక మూల కావాలి. నా పక్క మంచం ఫ్రెండు వస్తే దానికీ చోటుండాలి, అది నిద్దట్లో బాగా దొర్లుతుంది."

అడిగేకొద్దీ గొంతు పెద్దదయింది, గది పెద్దదయింది. మేడమ్ టేపు తియ్యబోయి ఆగారు. "ఎదుగుతుండగా కొలవకూడదు, ఆగాకే కొలవాలి. రూలు" అని చెప్పి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని గచ్చు మీద కూర్చున్నారు.

"మాస్టారూ, ఇంకొంచెం అయితే గోడ మెట్ల మీదకొచ్చేస్తుంది" అంది నర్సక్క గుసగుసగా.

"రానీ. పక్కకి తిరిగి ఎక్కుదాం" అన్నాడు మాస్టారు.

గోడలు అలా జరుగుతూనే ఉన్నాయి. గది పన్నెండడుగులు దాటిపోయింది. ఆ చివర కూర్చున్న గుండుసూది ఈ చివర ఉన్న పిన్ని వైపు చూసింది. మధ్యలో అంత జాగా. దాని మొహం ఒక్కసారి చిన్నబోయింది.

"పిన్నీ, నువ్వెక్కడ పడుకుంటావ్?"

"పక్క గదిలోనే."

"నేను పిలిస్తే నీకు వినపడాలి" అంది పిల్ల. "మరీ దూరం వద్దు."

గోడలు ఆగాయి. ఆగి, వెనక్కి రావడం మొదలుపెట్టాయి. పదకొండు, పది, పదికి తక్కువ. వద్దు, చాలు అని టైలరమ్మ అరుద్దామనుకుంది గానీ అరవలేదు. అది తన గది కాదు. గోడలు చివరగా బెత్తెడు జరిగి, ఆగిపోయాయి. గుండుసూది ఉన్నచోటి నుంచే "పిన్నీ" అని మామూలు గొంతుతో పిలిచి చూసింది. "ఆఁ" అంది పిన్ని. పిల్ల తలూపింది.

అప్పుడు మేడమ్ లేచి కొలిచారు. పొడవు తొమ్మిదడుగుల రెండంగుళాలు. వెడల్పు ఎనిమిదడుగుల ఒక అంగుళం. కిటికీ ఉన్నది. అన్నీ రాసుకుని ఫారం ఆఖరి గడి దగ్గర ఆగారు. 'పిల్ల ఏమన్నది' అని ఉంటుందక్కడ. రెండేళ్ళ ఫైల్లో ప్రతి ఫారంలోనూ ఆ గడిలో ఒకటే ముక్క, 'ఏదైనా పరవాలేదన్నది'. మేడమ్ గబగబా రాయడం మొదలుపెట్టారు, కాళ్ళు, కిటికీ, స్విచ్చి, బొమ్మలు. గడి నిండిపోయింది, మార్జిన్ నిండిపోయింది.

"ఇంకో కాగితం ఏదన్నా ఉందామ్మా?"

టైలరమ్మ బట్టల కొలతలు గీసుకునే బ్రౌన్ పేపరు చింపి ఇచ్చింది. గుండుసూది వచ్చి మేడమ్ భుజం మీద నుంచి తొంగి చూసింది.

"దొర్లే ఫ్రెండు సంగతి రాయలేదు మేడమ్."

"రాస్తున్నానమ్మా, ఆగు."

"ఇంకోటి కూడా."

"చెప్పు."

"నేను ఇవాళే ఉండిపోవాలి."

మేడమ్ పెన్ను ఆగింది. దానికి పద్ధతి ఉంది, కమిటీ ఉంది, సోమవారం దాకా ఆగాలి. ఆవిడ పిల్ల వైపు చూశారు, పిన్ని వైపు చూశారు. బ్రౌన్ పేపరు మీద ఆ ముక్క కూడా రాసి, కింద సంతకం పెట్టారు.

"కమిటీకి నేను చెప్పుకుంటాను" అన్నారు ఫైలు మూస్తూ. "దీని పెట్టె రేపు పంపిస్తాను. రాత్రికి కట్టుకోడానికి బట్టలున్నాయా?"

"నేను టైలర్నండీ" అంది పిన్ని, కళ్ళు తుడుచుకుంటూ.

"రంగు నేను చెప్తాను" అంది గుండుసూది.